మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025–26: ఈ ఏడాదంతా గేటు దగ్గరే గడిచింది

సభ్యులందరికీ నమస్కారం.

ప్రతి ఏడూ ఈ నివేదిక రెండు పేజీల్లో అయిపోయేది. నీళ్లు, డ్రైనేజీ, వినాయక చవితి, బతుకమ్మ, జమాఖర్చులు, చివర్లో ధన్యవాదాలు. ఈసారి అలా రాయడం కుదరలేదు. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా కార్యవర్గం ఎన్నిసార్లు కూర్చున్నా సగానికి పైగా మాటలు గేటు గురించీ, కెమెరాల గురించీ, ఎవరిని లోపలికి రానివ్వాలి ఎవరిని ఆపి అడగాలి అన్నదాని గురించే నడిచాయి. పదేళ్లుగా ఒకరింటి పెళ్లికి ఒకరు వంట గిన్నెలు మోసుకెళ్లిన ఇరుగుపొరుగు ఈ విషయం మీద మాటలు మానేసే దాకా వెళ్లారు. కాబట్టి మిగతావి ముందు గబగబా చెప్పేసి అసలు సంగతికి వస్తాను. దయచేసి చివరిదాకా చదవండి, ఎందుకంటే సర్వసభ్య సమావేశంలో మీరు చెయ్యెత్తాల్సింది దీని మీదే.

రెండో లైన్‌లో ప్రతి వానకీ పొంగే డ్రైనేజీ పైపు ఎట్టకేలకు మారింది, జలమండలి ఆఫీసు చుట్టూ తిరిగిన కోశాధికారి గారికి అందరం రుణపడి ఉన్నాం. పార్కులో విరిగిన ఉయ్యాల బాగుచేయించాం, వాకింగ్ ట్రాక్ మాత్రం సగంలో ఆగింది. వినాయక చవితికి ఈసారి కూడా మట్టి విగ్రహమే పెట్టాం, డీజే లేదు, పిల్లలు అలిగారు కానీ పెద్దవాళ్లు హాయిగా నిద్రపోయారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడవాళ్లే మొత్తం చూసుకున్నారు, మేం మైకు తప్ప ఏమీ చేయలేదు. నెలవారీ చందా ఇంకా ఇరవై ఇళ్ల నుంచి రావాలి, పేర్లు బోర్డు మీద పెట్టమని కొందరు అడిగారు, పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఈ నివేదిక చదివితే మీకే తెలుస్తుంది. పూర్తి జమాఖర్చుల పట్టీ నోటీసు బోర్డు మీద ఉంది.

ఇక అసలు విషయం.

ఈ ఏడాది మొదలవ్వడమే భయంతో మొదలైంది. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. వాళ్లలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఆ రాత్రి మన గ్రూపులో వచ్చిన మెసేజీలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, కోపం ఉంది, ఏడుపు ఉంది, అర్థం చేసుకోగలను. మన కాలనీ దిల్‌సుఖ్‌నగర్‌కు బస్సులో ఇరవై నిమిషాల దూరం. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం అక్కడ సైకిళ్లకు కట్టిన బాంబులు పేలి 18 మంది పోయిన రోజున ట్యూషన్ నుంచి రావాల్సిన పిల్లల కోసం గేటు దగ్గర నిలబడ్డ తల్లులు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. అంతకుముందు 2007లో గోకుల్ చాట్, లుంబినీ పార్క్ పేలుళ్లు. ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు భయం ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నది కాదు. ఆ మాట ముందే చెప్పడం ఎందుకంటే, కింద నేను రాయబోయేది చదివి కార్యదర్శికి భద్రత అంటే లెక్కలేదు అనుకునేవాళ్లు ఉంటారు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. లెక్క ఉంది.

మే 7న సాయంత్రం నాలుగింటికి మాక్ డ్రిల్ సైరన్లు మోగాయి. ఆ వారంలోనే కార్యవర్గం అత్యవసరంగా కూర్చుంది. కొందరు సభ్యులు ఒక ఫారం తయారు చేసి తెచ్చారు. అద్దెకున్న ప్రతివాళ్లూ నింపాలట. పేరు, ఫోను, సొంతూరు, ఆధార్ జిరాక్స్, ఎక్కడ పని, నెలకు ఎంతమంది బంధువులు వస్తారు, మతం. ఆ చివరి గడి దగ్గర రెండు గంటలు గొడవ జరిగింది. "తప్పు చేయనివాడికి చెప్పడానికేం భయం?" అన్నది ఒక వాదన. ఏడాది పొడుగునా ఈ ప్రశ్న నా ముందుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. నేను ఆ రోజు చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. మతం గడి నింపిన కాగితం మన దగ్గర ఉంటే దానితో మనం చేయగలిగిన మంచి పని ఒక్కటి చెప్పండి. నిప్పు అంటుకుంటే ఫోన్ చేయడానికి నంబరు కావాలి, పైన ఎంతమంది ఉన్నారో కావాలి, వాళ్ల తరఫున ఎవరికి కబురు పెట్టాలో కావాలి. మతంతో పనేంటి? ఎవరూ చెప్పలేకపోయారు. గడి కొట్టేశాం. ఒక సభ్యుడు కార్యవర్గానికి రాజీనామా ఇచ్చారు, పది రోజుల తర్వాత వెనక్కి తీసుకున్నారు, అందుకు ఆయనకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఆధార్ జిరాక్స్ కూడా ఆపేశాం. 2018 సెప్టెంబరు 26న ఆధార్ మీద ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ప్రైవేటు సంస్థలు ఆధార్ అడగడానికి వీలిచ్చిన సెక్షన్ 57లోని భాగాన్ని కొట్టేసింది. అలాంటప్పుడు ఒక కాలనీ సంఘం, తాళం కూడా సరిగ్గా పడని బీరువాలో రెండొందల మంది ఆధార్ కాగితాలు దాచిపెట్టుకోవడం ఏ రకం భద్రత? ఎవరైనా గుర్తింపు చూపిస్తామంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు, చూసి తిరిగిచ్చేస్తాం. ఇంటి యజమానులు తమ కిరాయిదారుల వివరాలు పోలీస్ స్టేషన్‌కి ఇచ్చుకోవడం వేరే సంగతి, అది మీరూ వాళ్లూ చూసుకోండి, మధ్యలో సంఘం దగ్గర ఒక కాపీ ఉండాల్సిన అవసరం లేదు.

జూన్‌లో మూడో లైన్ పెద్దమ్మగారి మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోయారు. పొద్దున ఆరున్నరకి, పాల ప్యాకెట్ తీసుకోవడానికి గేటు దాకా వచ్చిన మనిషి. మెడ కోసుకుపోయింది, కిందపడి చెయ్యి విరిగింది. ఆమె నెల రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు, ఇప్పటికీ బండి చప్పుడు వినిపిస్తే కొంగు మెడ చుట్టూ కప్పుకుంటుంది. కిరాణా కొట్టు ముందున్న ఒక్క కెమెరాలో బండి సగం నంబరు పడింది. దాన్ని పట్టుకునే పోలీసులు మనిషిని పట్టుకున్నారు, గొలుసులో సగం దొరికింది. కెమెరా పనికొచ్చింది. దీన్ని ఎవరూ కాదనలేరు, నేనూ కాదనను.

జులై సమావేశంలో పదహారు కెమెరాలు పెట్టాలని దాదాపు అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఇంటికి మూడు వేలు వసూలు చేశాం. కెమెరాల వీడియో దాచే పెట్టె (ఎన్‌వీఆర్), మానిటర్ గేటు పక్కన వాచ్‌మన్ గదిలో పెట్టాం. ఫుటేజీ ముప్పై రోజులు ఉండేలా సెట్ చేశాం, ఎందుకంటే దిల్‌సుఖ్‌నగర్ తర్వాత 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ప్రజా భద్రత చట్టం ముప్పై రోజులు ఉంచమంటుందని ఎవరో అన్నారు. ఆ చట్టం దుకాణాలు, ఆసుపత్రులు, బడులు, ప్రార్థనా స్థలాలు, బస్టాండ్లు లాంటి, ఒకేసారి వందమంది చేరే చోట్ల కోసం వచ్చింది. అది మన సందులకు సరిపోతుందా లేదా అని ఆ రోజు ఎవరం ఆగి చూడలేదు. దాంతోపాటే గేటుకు ఒక యాప్ తెచ్చాం. ఇళ్లలో పనిచేసేవాళ్లు, డ్రైవర్లు, వంటవాళ్లు అందరి ఫొటోలు తీయించాం, రాకపోకల టైము పడుతుంది, బయటికి వెళ్లేటప్పుడు సంచి చూడాలి. ఇదంతా ఒక్క సాయంత్రంలో తీర్మానం అయిపోయింది. కెమెరాకి ఎంత, వైరుకి ఎంత, ఏ కంపెనీది, గ్యారంటీ ఎన్నేళ్లు, ఇవన్నీ గంటన్నర మాట్లాడుకున్నాం. ఆ స్క్రీన్ ఎవరు చూడొచ్చు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

అక్టోబరులో దాని ఫలితం చూశాం.

మన కాలనీలో పెంట్‌హౌస్‌లో అద్దెకుంటూ నైట్ షిఫ్ట్ చేసే ఒక అమ్మాయి ఉండేది. రాత్రి రెండింటికి ఆఫీసు నుంచి వస్తుంది, ఒక్కోరోజు క్యాబ్, ఒక్కోరోజు తోటి ఉద్యోగి దింపుతాడు. గేటు దగ్గర మానిటర్ మీద అది కనిపిస్తుంటే ఎవరో సెల్‌ఫోన్‌తో వీడియో తీసి గ్రూపులో పెట్టారు. కింద రాసిన మాట నేనిక్కడ మళ్లీ రాయను. అరగంటలో తీయించేశాను కానీ అప్పటికే అది వేరే గ్రూపులకు పోయింది, వాళ్ల ఊరికీ పోయింది. వారంలో ఆ అమ్మాయి ఇల్లు ఖాళీ చేసింది. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి ఒక్క మాటే అడిగింది, "అంకుల్, నా రక్షణకే కదా పెట్టామన్నారు?" అని. సంఘం తరఫున ఆమెకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాం. ఆ వీడియో తీసింది ఎవరో తేలింది, ఆయన కూడా క్షమాపణ చెప్పారు. కానీ మానిటర్‌ను వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా పెట్టిందీ, పాస్‌వర్డు గోడ మీద కాగితం రాసి అంటించిందీ నేను. ఆ తప్పు నాది, ఈ నివేదికలో అది రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

నవంబరు మొదట్లో ఇంకోటి జరిగింది. ఇళ్లలో పనిచేసే అక్కలు ఆరుగురు ఒకేరోజు పనికి రాలేదు. వాచ్‌మన్ గది పక్కన వేపచెట్టు కింద కూర్చుని మాట్లాడాం. ఫొటో తీసుకోవడం వాళ్లకు అంత బాధనిపించలేదు, ఎందుకు తీస్తున్నారో చెప్పకపోవడం బాధనిపించింది. సంచి వెతకడం అన్నిటికన్నా బాధ. ఒకామె అన్నది, "మా సంచి చూడాలంటే చూడండి సార్, మీ ఇంట్లోవాళ్లు బయటికి పోయేటప్పుడు వాళ్ల సంచులూ చూడండి, అప్పుడు మేం ఏమీ అనం." పక్కనున్న ఇంకొకామె వాళ్ల బస్తీలో తెల్లవారుజామున కార్డన్ సెర్చ్ (పోలీసులు బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేయడం) జరిగినప్పుడు తలుపు కొట్టి బండి కాగితాలు అడిగిన సంగతి చెప్పింది. "అక్కడ పోలీసోళ్లకు చూపించాలె, ఇక్కడ మీకు చూపించాలె, ఇంక మాకు మా ఇల్లు ఏది?" అంది.

ఆ రోజు నాకు ఒక విషయం తట్టింది, ఈ ఏడాది మొత్తం మీద నేను చెప్పదలుచుకున్నది అదొక్కటే. భద్రత కోసం కొంత స్వేచ్ఛ వదులుకోక తప్పదు అని మనం తరచూ అంటాం. జులైలో చేతులెత్తిన మనం ఏం వదులుకున్నాం? ఇంటికి మూడు వేలు, అంతే. మన సంచి ఎవరూ చూడరు, మన ఫొటో యాప్‌లో లేదు, మన పిల్లలు రాత్రి ఎప్పుడొచ్చినా గ్రూపులో వీడియో రాదు. వదులుకున్నవాళ్లు పనివాళ్లు, కిరాయికున్నవాళ్లు, బ్యాచిలర్ కుర్రాళ్లు, డెలివరీ పిల్లలు, ఒంటరిగా ఉండే ఆడపిల్లలు. వాళ్లలో ఒక్కరికీ ఆ సమావేశంలో ఓటు లేదు. ఎదుటివాళ్ల స్వేచ్ఛను మనం చేతులెత్తి ఇచ్చేశాం.

దాని తర్వాత చదవడం మొదలుపెట్టాను. మన కాలనీలో ఉండే వకీలుగారు ఓపికగా కూర్చుని చెప్పారు. జూన్‌లో ఎమర్జెన్సీకి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఒకటో లైన్ లెక్చరర్ బాబాయిగారు పార్కులో పిల్లలకు చెప్పిన సంగతులు కూడా అప్పుడు మళ్లీ గుర్తొచ్చాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకు రావడానికి వీల్లేదు అన్నారు. ఒక్క జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా మాత్రం కాదన్నారు, దానికి ఆయనకు రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాకుండా పోయింది. ఆ తీర్పును తప్పని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన కేసులో. 1976లో ఆ నలుగురిలో ఒకరైన వై.వి. చంద్రచూడ్ గారి తీర్పును 2017లో తప్పని రాసింది ఆయన కొడుకు డి.వై. చంద్రచూడ్ గారే. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లావారైన జస్టిస్ చెలమేశ్వర్ ఉన్నారు, తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ ఉన్నారు. వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని అందరూ ఒక్క మాట మీద చెప్పారు.

ఆ తీర్పులో గోప్యతకు అడ్డే ఉండకూడదని లేదు, ఇది మనవాళ్లు గమనించాలి. ప్రభుత్వం అందులో చేయి పెట్టాలంటే దానికి ఒక చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగినంతే ఉండాలి, దుర్వినియోగం కాకుండా కట్టుబాట్లు ఉండాలి. మనం ప్రభుత్వం కాదు, నిజమే. కానీ అవే ప్రశ్నలు మన గేటుకు వేసుకుంటే ఎంత తేలికైపోయిందో చూడండి. గొలుసు దొంగను పట్టుకోవడానికి కెమెరా అవసరమే. దానికి బండి నంబరు కనపడేలా రోడ్డు వైపు తిప్పిన నాలుగు కెమెరాలు చాలు. ఐదో లైన్ మూల కెమెరా ఎదురింటి వంటింటి తలుపు వైపు చూస్తోంది, దానితో ఏ దొంగనూ పట్టుకోలేం. కలకత్తాలో ఇద్దరు అన్నదమ్ములు కలిసి ఉన్న ఇంట్లో ఒకరి ఒప్పుదల లేకుండా లోపల కెమెరాలు పెట్టిన గొడవ హైకోర్టు దాకా వెళ్లింది, అది గోప్యతను భంగం చేయడమేనని కోర్టు చెప్పింది, 2025 మేలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అన్నదమ్ములకే అలా అయితే ఎదురింటివాళ్ల సంగతి చెప్పాలా.

ఇంకో భయం కూడా ఉంది, దీన్ని తక్కువగా చూడకండి. భద్రత కోసం పోగుచేసిన సమాచారం బయటికి పొక్కితే అదే కొత్త ప్రమాదం. 2024లో, జనం ఫిర్యాదులు చేసుకోవడానికి తెలంగాణ పోలీసులు పెట్టిన హాక్ ఐ యాప్ నుంచి జనం వివరాలు హ్యాకర్ చేతికి పోయాయి, ఆ జూన్‌లో ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. పోలీసుల దగ్గరున్నదే అలా పోయినప్పుడు, నెలకు కొన్ని వేలు తీసుకునే గేటు యాప్‌లో మన అక్కల ఫొటోలు, వాళ్లు ఏ ఇంట్లో ఎన్నింటికి ఉంటారో, ఏ ఇల్లు ఎప్పుడు తాళం వేసి ఉంటుందో అన్నీ పడి ఉన్నాయి. దొంగకు ఇంతకన్నా మంచి జాబితా దొరుకుతుందా? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, దానికి 2025 నవంబరులో వచ్చిన నియమాలు అంచెలంచెలుగా అమల్లోకి వస్తున్నాయి. సమాచారం తీసుకునేవాళ్లు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, ఆ నోటీసు తెలుగుతో సహా 22 భాషల్లో కావాలన్న భాషలో అందుబాటులో ఉండాలి, ఇచ్చినవాళ్లు ఒప్పుదల వెనక్కి తీసుకోవచ్చు. సమాచారాన్ని జాగ్రత్త చేయకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అదే చట్టం దేశ భద్రత పేరుతో ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు కేంద్రానికి ఉంచింది, అది నాకు నచ్చలేదు, కానీ అది వేరే చర్చ. మన యాప్ కంపెనీని, మా పనివాళ్ల ఫొటోలు ఎక్కడ దాస్తున్నారు, ఎప్పుడు చెరిపేస్తారు అని మూడుసార్లు ఈమెయిల్ పెట్టి అడిగాం. జవాబు రాలేదు. డిసెంబరుతో ఆపేశాం.

జనవరిలో కొత్త పద్ధతులు పెట్టుకున్నాం. కెమెరాలు పదహారులో ఏడు తీసేశాం, మిగిలిన తొమ్మిదీ రోడ్డు, గేట్లు, పార్కు దారి మీదే ఉన్నాయి. మానిటర్ వాచ్‌మన్ గదిలోంచి సంఘం గదికి మారింది, తెరిచే తాళం ఇద్దరి దగ్గర సగం సగం పాస్‌వర్డుగా ఉంది, ఒకరు కార్యవర్గం, ఒకరు కార్యవర్గం బయటివాళ్లు, ఇప్పటికి ఐదో లైన్ టీచరమ్మగారు ఒప్పుకున్నారు. ఎవరు ఎప్పుడు ఎందుకు చూశారో పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. ఫుటేజీ ముప్పై రోజుల నుంచి పదిహేనుకు తగ్గించాం. గత ఏడాది మన దగ్గరికి వచ్చిన ఫిర్యాదులన్నీ మూడు రోజుల్లోపే వచ్చాయి, పదిహేను చాలని కార్యవర్గం అభిప్రాయం. సంచులు వెతకడం పూర్తిగా ఆపేశాం. పెద్ద వస్తువు ఏదైనా బయటికి వెళ్తుంటే ఆ ఇంటికి ఇంటర్‌కామ్‌లో అడుగుతాం, ఓనర్ టీవీ అయినా పనావిడ పాత బకెట్ అయినా ఒకటే పద్ధతి.

పోలీసులకు ఫుటేజీ ఇచ్చే విషయం మీద చాలామందికి అనుమానాలున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఫిబ్రవరిలో పక్క కాలనీ దొంగతనం గురించి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చారు. లెటర్ ఇవ్వమని మర్యాదగా అడిగాం. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 94 కింద రాతపూర్వకంగా అడిగితే ఇవ్వాల్సిందే, మేం ఇస్తాం కూడా. వాళ్లు ఏమీ అనుకోలేదు, మర్నాడు లెటర్ తెచ్చారు. ఇచ్చేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63 ప్రకారం సర్టిఫికెట్, దానిమీద ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారితే పట్టిచ్చే గుర్తు, రాసి ఇచ్చాం. అది లేకపోతే రేపు కోర్టులో ఆ వీడియో నిలబడటం కష్టం, దొంగకే లాభం. అంటే లెటర్ అడగడం పోలీసులకు అడ్డం పడటం కాదు, వాళ్ల కేసుకు బలం.

"అంత కచ్చితంగా ఎందుకు, పోలీసులు అడిగితే ఇచ్చేస్తే పోలే" అన్నవాళ్లకు మెదక్ సంగతి గుర్తుచేస్తున్నాను. 2023 జనవరిలో ఒక గొలుసు దొంగతనం కేసులో, సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలున్నాయని మెదక్ పోలీసులు ఒక కూలీని హైదరాబాద్ నుంచి తీసుకెళ్లారు. కొన్ని రోజులకు వదిలేశారు. ఫిబ్రవరిలో ఆయన గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. చావుకు ముందు, తనను కొట్టారని చెప్పాడు. హైకోర్టు తనంతట తానే ఆ కేసు విచారణకు తీసుకుంది. మన పెద్దమ్మగారి గొలుసు కేసులో కెమెరా దొంగను పట్టిచ్చింది, అక్కడ ఒక పోలిక ఒక మనిషిని స్టేషన్‌లోకి తీసుకెళ్లింది. రెండూ కెమెరాయే.

ఇప్పుడు మీ ముందుకు వస్తున్న ప్రశ్న ఇది. ఒక కంపెనీ వాళ్లు గేటుకు ముఖం గుర్తుపట్టే యంత్రం పెడతామని, మొదటి ఏడాది ఉచితమని వచ్చారు. కొందరు సభ్యులు గట్టిగా కావాలంటున్నారు, వాళ్ల కారణాలు చిన్నవి కావు, రాత్రుళ్లు వాచ్‌మన్ నిద్రపోతున్నాడు, రిజిస్టర్‌లో దొంగ పేర్లు రాస్తున్నారు, మూడో లైన్ పెద్దమ్మగారి కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి అమ్మ ఒంటరిగా ఉంది అంటున్నారు. అవన్నీ నిజాలే. కార్యవర్గంలో నలుగురు అవునన్నారు, ఐదుగురు వద్దన్నారు, నేను వద్దన్నవాళ్లలో ఉన్నాను. ముఖం అంటే పాస్‌వర్డు కాదు, పోతే మార్చుకోలేం. ఆ యంత్రం చెప్పేది "ఇంత శాతం పోలిక ఉంది" అని మాత్రమే. ఢిల్లీ పోలీసులు 80 శాతం పోలిక దాటితే అదే మనిషి అని లెక్కవేస్తామని 2022లో ఒక సమాచార హక్కు జవాబులో చెప్పారు. అంత పోలిక ఉన్నా అది వేరే మనిషైతే? హైదరాబాద్‌లో పోలీసులు మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారని ఒక సామాజిక కార్యకర్త వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అంత పెద్ద వ్యవస్థ మీదే ప్రశ్నలు నలుగుతుంటే మనం ఉచితం అని తెచ్చుకోవడం నాకు సమంజసంగా అనిపించలేదు. దానికి బదులు రాత్రికి రెండో వాచ్‌మన్, వాళ్లిద్దరికీ సరైన జీతం, కూర్చోవడానికి నీడ, ఒక టాయిలెట్, మూడో నాలుగో లైన్లలో వెలగని ఆరు వీధిదీపాలు. నెలకు ఇంటికి నూటయాభై పెరుగుతుంది. పెద్దమ్మగారిని అడిగితే ఆమె అన్నది, "పొద్దున్నే లైటుంటే చాలు నాయనా, బండి ఎటునుంచి వస్తుందో కనపడుతుంది" అని.

అవునన్న నలుగురి వాదన వాళ్ల మాటల్లోనే నోటీసు బోర్డు మీద పెట్టాం, నా మాటలతో పాటు దాన్నీ చదవండి.

సర్వసభ్య సమావేశం ఏప్రిల్ రెండో ఆదివారం పార్కులో. ఎజెండాలో జమాఖర్చుల ఆమోదం, ముఖం గుర్తుపట్టే యంత్రం మీద ఓటు, రెండో వాచ్‌మన్, ఫుటేజీ పద్ధతులను నిబంధనల్లో చేర్చడం, కొత్త కార్యవర్గం ఎన్నిక ఉన్నాయి. ఓటు నిబంధనల ప్రకారం యజమానులదే, అది మార్చాలంటే బైలాలు మార్చాలి, ఆ ప్రతిపాదన కూడా పెడుతున్నాం. ఈలోపు కిరాయికున్నవాళ్లు, పనిచేసే అక్కలు, వాచ్‌మన్ కుటుంబం వచ్చి కూర్చుని మాట్లాడొచ్చు, ఓటింగ్‌కు ముందు వాళ్లకే మొదటి అరగంట. ఎప్పుడూ పెట్టే ఉదయం పదింటికి వాళ్లు మన ఇళ్లలోనే అంట్లు తోముతూ ఉంటారు కాబట్టి ఈసారి సమావేశం మధ్యాహ్నం మూడున్నరకి మార్చాం. కుర్చీలు సరిపోకపోతే ఒకటో లైన్‌వాళ్లు ఇళ్ల నుంచి తలా రెండు తేగలరు.

కార్యదర్శి